రంపపు పొట్టుతో వేడి ఆగుతుందా?

కోతమిల్లులోకి వెళ్లిన దుంగ దూలాలుగా, పలకలుగా బయటికి వచ్చేసరికి అందులో అమ్ముడుపోయే కలప సుమారు సగమే. మిగతాది అంచు చెక్కలు, బెరడు, చిత్రిక పొరలు, రంపపు పొట్టు. మన దగ్గర ఇదంతా ఇటుక బట్టీలకో, బాయిలర్లకో, హోటల్ పొయ్యిలకో పోతుంది. ఐరోపాలో ఇందులో కొంత భాగం గోడల్లోకి, కప్పుల్లోకి ఇన్సులేషన్‌గా, అంటే వేడిని ఆపే పొరగా, చేరుతోంది. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతపు గుటెక్స్ సంస్థ 1932లో పుట్టింది. మ్యూనిక్ దగ్గరి స్టైకో ఇప్పుడు ఈ రంగంలో పెద్ద ఉత్పత్తిదారుల్లో ఒకటి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం మాడిసన్‌లో 2016లో మూతపడిన కాగితం మిల్లు ఆవరణలో టింబర్‌హెచ్‌పీ అనే సంస్థ 2023లో చెక్కపీచు ఇన్సులేషన్ తయారీ మొదలుపెట్టింది.

ఈ మాట వినగానే చాలామందికి తోచేది ఒకటే: గోడ మధ్య ఖాళీలో రంపపు పొట్టు కూరేస్తే సరిపోతుంది కదా అని. సరిపోదు. మంచి ఇన్సులేషన్‌గా నిలిచేది పొట్టు కాదు, పీచు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే ఫ్యాక్టరీ ఖర్చూ, సరుకు నాణ్యతా, మన వాతావరణంలో అది పనికొస్తుందా లేదా అన్నదీ అన్నీ ఇమిడి ఉన్నాయి.

పొట్టు వేడిని అసలు ఆపదని కాదు. 1833లో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బయల్దేరి, నాలుగు నెలల ప్రయాణం తర్వాత కలకత్తాలో సుమారు 100 టన్నులు దించింది. 1842లో మద్రాసు సముద్రతీరాన కట్టిన ఐస్ హౌస్ కూడా బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ నడిపిన ఆ మంచు వ్యాపారానిదే. ఆ మంచును కాపాడినవి రంపపు పొట్టు, తోళ్ల శుద్ధిలో వాడిన బెరడు, ఎండుగడ్డి వంటివే. మన కోస్తాలోనూ ఐసు దిమ్మెల్ని పొట్టులోనో ఊకలోనో కప్పి ఉంచేవారు. అయితే అక్కడ పొట్టుతో పని కొన్ని రోజులు, మహా అయితే కొన్ని నెలలు. తడిస్తే పారబోసి కొత్తది వేస్తారు. ఇంటి గోడలో అది 40, 50 ఏళ్లు తెరిచి చూసే వీల్లేకుండా ఉండాలి.

వేడిని ఆపేది చెక్క కాదు, చెక్క మధ్య చిక్కి కదలకుండా ఉన్న గాలి. కదలని గాలి ఉష్ణవాహకత (వేడిని దాటనిచ్చే గుణం, ఎంత తక్కువైతే అంత మంచిది) మీటరు-కెల్విన్‌కు 0.026 వాట్లు. చెక్క కణాల గోడల సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1500 కిలోలు. అంటే ఘనపు మీటరుకు 50 కిలోలు తూగే మెత్తటి పీచు పరుపులో చెక్క 3 శాతం, గాలి 97 శాతం. దాని ఉష్ణవాహకత 0.038 దగ్గర ఉంటుంది. కూరిన రంపపు పొట్టు 200 కిలోల దాకా తూగుతుంది. రేణువులు ఒకదానికొకటి ఆనుకుని వేడికి దారులవుతాయి కాబట్టి విలువ 0.06 నుంచి 0.08 దాకా పోతుంది. అదే ఫలితం రావాలంటే దాదాపు రెట్టింపు మందం కావాలి.

అంతకంటే పెద్ద చిక్కు కుంగిపోవడం. పొట్టు రేణువులకు ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కేలు లేవు. తలుపు వేసినప్పుడల్లా వచ్చే అదురుకు, తేమకు ఉబ్బి ఎండకు ముడుచుకోవడానికి అవి కిందికి దిగిపోతాయి. స్వీడన్, ఫిన్లాండ్‌లలో 20వ శతాబ్దం మధ్య దాకా చెక్క ఇళ్ల గోడల్లో పొట్టు, చిత్రిక పొరలు నింపేవారు. అలాంటి గోడల పైభాగం కొన్నేళ్లకు ఖాళీ అవుతుంది, చలి అక్కడి నుంచే వస్తుంది. అందుకే అక్కడి వడ్రంగులు పొట్టు కంటే చిత్రిక పొరల్ని ఇష్టపడ్డారు. చుట్ట తిరిగిన పొర స్ప్రింగులా నిలబడుతుంది, తక్కువ కుంగుతుంది. బవేరియాలోని బౌఫ్రిట్జ్ అనే ఇళ్ల నిర్మాణ సంస్థ తన మిల్లులో రాలిన చిత్రిక పొరలకే సోడా, పాలవిరుగుడు నీళ్లు పట్టించి గోడల్లో నింపుతుంది. సొంత చిత్రిక యంత్రాలున్న చోట ఇంత చవకైన పద్ధతి మరొకటి లేదు.

పీచు ఎలా వస్తుంది

చెక్కలో పీచుల్ని అంటిపెట్టే సహజమైన జిగురు లిగ్నిన్. ఆవిరితో వేడిచేస్తే అది మెత్తబడుతుంది. మెత్తబడిన చిప్స్‌ని (చిన్న చెక్క ముక్కల్ని) రిఫైనర్‌లోకి, అంటే గాళ్లు పెట్టిన రెండు ఉక్కు పళ్లేల మధ్య ఇరుకు సందులోకి పంపితే పీచు పీచుగా విడిపోతాయి. తిరగలి కంటే ఇక్కడ సున్నితం ఎక్కువ. సందు మరీ తగ్గితే పీచు తెగి పిండి అవుతుంది, పెరిగితే పుల్లలు మిగులుతాయి. పిండి ఎక్కువైతే పలక బరువెక్కి వాహకత పెరుగుతుంది. పుల్లలు ఎక్కువైతే అతుకు బలం పోతుంది. ఫ్యాక్టరీలో రోజంతా కాపలా కాసేది ఈ సందునే.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. తడి పద్ధతి కాగితం తయారీకి చుట్టం. పీచును దాదాపు 98 శాతం నీళ్లున్న గుజ్జుగా కలిపి, అల్యూమినియం సల్ఫేట్, కొద్దిగా పారఫిన్ మైనం వేసి, జల్లెడ బెల్టు మీద పరిచి, నీరు పిండి, 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండబెడతారు. బయటి జిగురు అక్కర్లేదు, లిగ్నినే మళ్లీ అతుకుతుంది. ఒక పొర సుమారు 25 మిల్లీమీటర్లకు మించితే లోపలి తడి ఆరదు కాబట్టి, మందం కావాలంటే పొరల్ని తెల్ల జిగురుతో అంటించాలి. సాంద్రత 160 నుంచి 270 కిలోలు. కరెంటు, ఆవిరి ఖర్చు విపరీతం. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికే 2.26 మెగాజౌళ్లు కావాలి, డ్రయ్యర్‌లో అసలు ఖర్చు అంతకంటే ఎక్కువ.

పొడి పద్ధతిలో పీచును ముందే వేడిగాలి గొట్టంలో ఎండబెట్టి, పీఎండీఐ అనే ఐసోసయనేట్ జిగురు సుమారు 4 శాతం చల్లి, దళసరి పరుపుగా పరిచి, ఆవిరి కలిసిన గాలిని దాని గుండా పంపి గట్టిపరుస్తారు. ఒకే పొరలో 240 మిల్లీమీటర్ల దాకా మందం వస్తుంది, 110 కిలోల సాంద్రతకే పలక నిలబడుతుంది. ఈ జిగురు ఆవిరి పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. గాలి బయటికి తోడే ఏర్పాట్లు లేని చిన్న షెడ్డులో దీన్ని ముట్టుకోకూడదు.

మెత్తటి పరుపులకు జిగురు బదులు 4 నుంచి 10 శాతం ప్లాస్టిక్ పీచు కలుపుతారు. దాని పై తొడుగు వేడికి కరిగి చెక్కపీచును అక్కడక్కడా పట్టుకుంటుంది, లోపలి నరం కరగదు. బిగింపు సరిగ్గా ఉండాలంటే చట్రం కొలత కంటే 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఎక్కువగా కోసి నొక్కి పెట్టాలి. నాలుగో రకం, ఏ అతుకూ లేని విడి పీచు. దాన్ని యంత్రంతో గోడ ఖాళీలోకి ఊదుతారు. అటక మీద ఊదితే 32 నుంచి 38 కిలోలు, నిలువు గోడలోకైతే 35 నుంచి 45 కిలోల సాంద్రత రావాలి. లెక్క తేలిక: 10 సెంటీమీటర్ల లోతు గోడలో చదరపు మీటరుకు 4 కిలోలు పోవాలి. 3 కిలోలకే నిండిందని మేస్త్రీ చెబితే, కుంగి పైన ఖాళీ పడటం ఖాయం. సంచులు లెక్కపెట్టడమే ఇక్కడ నాణ్యత పరీక్ష.

మరి పొట్టు ఎటు పోతుంది? ఈ ఫ్యాక్టరీలు కొనేది ఎక్కువగా కోతమిల్లు అంచు చెక్కల చిప్స్, అడవి పలచన చేసినప్పుడు కొట్టిన సన్న మానులు. మెత్తటి పొట్టులో పీచు అప్పటికే తెగిపోయి ఉంటుంది. దానితోపాటు బెరడు కూడా బాయిలర్‌కే పోయి పీచు ఆరబెట్టే వేడిని ఇస్తుంది. పొట్టుకు అది న్యాయమైన చోటే. ఎండబెట్టడానికి బొగ్గు కాల్చాల్సి వస్తే ఈ సరుకు పర్యావరణ లెక్కంతా తలకిందులవుతుంది. ఎండు కలపలో సగం బరువు కార్బన్ కాబట్టి, కిలో ఎండు చెక్క సుమారు 1.83 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతుంది. ఆ మేలు నిలవాలంటే ఇంధనం కూడా కలపదే అయి ఉండాలి.

ఏ చెక్క పడితే ఆ చెక్క కూడా పనికిరాదు. ఎండీఎఫ్, ప్లైవుడ్ కోసిన పొడిలో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. రంగేసిన పాత తలుపుల్లో సీసం, మందు పట్టించిన స్తంభాల్లో ఆర్సెనిక్ ఉండొచ్చు. జర్మనీలో 2003 నుంచి అమలవుతున్న పాత కలప నియమావళి వాడేసిన చెక్కను నాలుగు తరగతులుగా విడగొడుతుంది. ఇన్సులేషన్ ఫ్యాక్టరీలు మాత్రం ఇప్పటికీ తాజా కలప మిగులునే కోరుకుంటున్నాయి. కూల్చిన ఇంటి చెక్కను గోడల్లో నింపి పడుకోవడం ఎవరికీ మంచిది కాదు.

చిన్న స్థాయిలో చేయగలిగింది

రిఫైనర్ పెట్టాలంటే కోట్లు కావాలి. తక్కువ పెట్టుబడితో నిలబడిన పాత దారి ఉడ్ ఊల్ సిమెంటు పలక, అంటే సన్నటి చెక్క పోగుల్ని సిమెంటుతో అతికించిన పలక. 1908లో ఆస్ట్రియాలో మాగ్నసైట్ అనే ఖనిజపు బంధకంతో పేటెంటు పొందిన ఈ పలక తర్వాత సిమెంటుకు మారింది. మన దేశంలో దీనికి ఐఎస్ 3308 అనే ప్రమాణం కూడా ఉంది. ఇక్కడా పొట్టు పనికిరాదు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు లోపు మందం, జానెడు నుంచి రెండు జానల పొడవున్న పోగులు కావాలి. వాటిని చిన్న మొద్దుల నుంచి, లావుపాటి ముక్కల నుంచి బ్లేడు యంత్రంతో చెక్కుతారు.

సిమెంటుకు చెక్కలోని చక్కెరలూ, టానిన్లనే వగరు పదార్థాలూ శత్రువులు. అవి ఎక్కువుంటే సిమెంటు గట్టిపడదు, పలక చేతిలో రాలిపోతుంది. ఏ కలప పనికొస్తుందో తెలుసుకోవడానికి ఫ్లాస్కు పరీక్ష ఉంది. 200 గ్రాముల ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటు, 15 గ్రాముల ఎండు చెక్కపొడి, 90 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, థర్మామీటరు గుచ్చి, వేడి నిలిపే ఫ్లాస్కులో మూసి 24 గంటలు చూడాలి. పక్కనే చెక్కపొడి లేని సిమెంటుతో మరో ఫ్లాస్కు. చెక్క కలిపిన సిమెంటు 60 డిగ్రీలు దాటితే కలప మంచిది. 50 దగ్గరే ఆగిపోతే ఆ కలపను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ లేవకపోతే ఆ జాతిని వదిలేయడమే. జామాయిల్, సుబాబుల్, సరుగుడు ఏవైనా సరే, ఒక తోట కలపకు వచ్చిన ఫలితాన్ని మరో తోటకు అంటగట్టకూడదు. చెట్టు వయసు, నరికిన కాలం, ఎన్నాళ్లు ఆరింది అన్నవన్నీ చక్కెర మోతాదును మారుస్తాయి.

మోతాదు ఇలా: 10 కిలోల ఎండు పోగులు, 20 కిలోల సిమెంటు, 10 లీటర్ల నీళ్లు, అందులో కరిగించిన 400 నుంచి 600 గ్రాముల కాల్షియం క్లోరైడ్. ముందు పోగుల్ని ఆ నీళ్లలో ముంచి పూర్తిగా పీల్చనివ్వాలి. తర్వాత సిమెంటును పైన చల్లుతూ ప్రతి పోగుకూ బూడిదరంగు పూత పట్టేదాకా దొర్లించాలి. అడుగున సిమెంటు నీళ్లు చేరాయంటే తడి ఎక్కువైంది. పోగు మీద పొడి మిగిలి ఉందంటే తక్కువైంది. అచ్చులో సమంగా పరిచి, అంచుల్లో కావాల్సిన మందానికి అడ్డుచెక్కలు పెట్టి, బరువు కింద 24 గంటలు ఉంచాలి. ఊడదీశాక రెండు మూడు వారాలు నీడలో తేమగా ఉంచి తర్వాత ఆరబెట్టాలి. ఈ మోతాదుకు 2 అంగుళాల మందంలో సుమారు 18 చదరపు అడుగుల పలక వస్తుంది. సాంద్రత 400 కిలోల దగ్గర, వాహకత 0.07 నుంచి 0.09. గట్టిగా ఉండాలని సిమెంటు పెంచితే, ఎక్కువ నొక్కితే గాలి పోతుంది. అప్పుడది ఇన్సులేషన్ కాదు, మామూలు పలకే.

కాల్షియం క్లోరైడ్ వేసిన పలకను ఉక్కుకు తగలనివ్వకూడదు. బిగించడానికి జింకు పూత స్క్రూలు వాడాలి. సెంట్రింగ్ మీద ఈ పలకలు పరిచి పైన శ్లాబు పోసే పద్ధతి ఐరోపాలో పాతదే, శ్లాబు అడుగుకు అవి గట్టిగా పట్టుకుంటాయి. కానీ కాంక్రీటు ప్రమాణమైన ఐఎస్ 456 ఆర్‌సీసీలో క్లోరైడును ఘనపు మీటరుకు 0.6 కిలోలకు మించనివ్వదు. ఆ పనికి క్లోరైడు లేకుండా అల్యూమినియం సల్ఫేట్‌తో చేసిన పలకలే వాడాలి.

మన ఎండకు లెక్క

125 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ శ్లాబు, అడుగున ప్లాస్టరింగ్ ఉన్న కప్పు యూ-విలువ, అంటే ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా దాటే వేడి, సుమారు 3.3 వాట్లు. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత కప్పుకు 1.2 మించొద్దంటుంది. దాన్ని అందుకోవడానికి ఉడ్ ఊల్ పలకైతే 50 మిల్లీమీటర్లు, చెక్కపీచు పలకైతే 25 లోపే చాలు. వాణిజ్య భవనాల్లో ఎక్కువ భాగానికి వాటి ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీ 2017 అడిగే 0.33కు మాత్రం చెక్కపీచు 120 మిల్లీమీటర్లు కావాలి. ఉడ్ ఊల్ అంత దూరం రాలేదు, అడుగు మందం కప్పు ఎవరూ వేయరు.

చెక్కపీచుకు అసలు బలం ఇంకో చోట ఉంది. ఒక డిగ్రీ వేడెక్కడానికి చెక్క కిలోకు సుమారు 2100 జౌళ్ల వేడిని దాచుకుంటుంది, గాజు ఉన్నికి అది దాదాపు 1000. పైగా పీచు పలక ఎంతో బరువు. 100 మిల్లీమీటర్ల మందంలో, రోజంతా మారే ఎండ వేడి అవతలికి చేరడానికి 160 కిలోల చెక్కపీచు పలకలో సుమారు ఆరున్నర గంటలు పడుతుంది. 20 కిలోల గాజు ఉన్నిలో రెండు గంటల లోపే. అవతలికి చేరే ఎగుడుదిగుడు మొదటి దానిలో ఆరో వంతుకు తగ్గితే, రెండో దానిలో మూడింట రెండు వంతులు అలాగే ఉంటుంది. రాయలసీమ మిద్దె మీద చవుడు మట్టి చేసే పని ఇదే. అయితే 50 కిలోల మెత్తటి పరుపుతో ఈ ఆలస్యం నాలుగు గంటల లోపే. బరువు తగ్గించి కొంటే ఈ గుణం పోతుంది. ఏసీ రోజంతా నడిచే ఆఫీసులో ఈ ఆలస్యానికి పెద్ద విలువ లేదు. రాత్రి కిటికీలు తెరిచే ఇంట్లో, రేకుల కప్పు కింది గదిలో మాత్రం చాలా విలువ ఉంది.

డాబా మీద, శ్లాబు పైన చెక్కపీచు పరచడం తెలివైన పని కాదు. అక్కడ ట్యాంకులు కారతాయి, మనుషులు తిరుగుతారు, వర్షపు నీరు నిలుస్తుంది. ఒక్క పగులు చాలు, కింద పలక నెలల తరబడి నానుతుంది. డాబాకు మొదట చేయాల్సింది తెల్ల పూత. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఆ దారినే పట్టింది. చెక్కపీచుకు సరైన చోట్లు రేకుల కప్పు కింది ఫాల్స్ సీలింగ్, పెంకుటింటి అటక, చెక్క లేదా ఉక్కు చట్రం గోడలు.

చెడేది ఎక్కడ

జర్మన్ గోడ నిర్మాణ పటాల్ని చూసి గది లోపలి వైపు పాలిథిన్ షీటు వేయడం మన తీరప్రాంతంలో చేసే అతి పెద్ద పొరపాటు. అక్కడ చలికాలంలో తేమ లోపలి నుంచి బయటికి పోతుంది. విశాఖలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున బయటి గాలి మంచుబిందు (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 27 డిగ్రీలు. ఏసీ గది 24లో ఉంటే, బయటి తేమ లోపలికి వచ్చి ఆ షీటు వెనకే నీరుగా మారుతుంది. వినైల్ వాల్‌పేపర్ వెనక బూజు పట్టేది ఇందుకే. మన దగ్గర లోపలి ముఖం ఊపిరి పీల్చేలా ఉండాలి, వాన నీటిని ఆపే ఏర్పాటు బయట ఉండాలి. గాలిలో తేమ 80 శాతం దాటి నిలిచిన చోట బూజు మొదలవుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం ఉంటే కుళ్లు.

చెదల సంగతి ఐరోపా కరపత్రాల్లో కనిపించదు. ఇక్కడ అది మొదటి ప్రశ్న. చెక్కపీచును నేల నుంచి కనీసం అడుగు ఎత్తున ఆపాలి. పునాదికి ఐఎస్ 6313 ప్రకారం చెదల మందు వేయాలి. పీచుకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం పట్టించాలి. బోరేట్లు నీటికి కొట్టుకుపోతాయి కాబట్టి కారే గోడలో ఆ రక్షణ కొన్నాళ్లే. సిమెంటు పూత ఉన్న ఉడ్ ఊల్‌కు ఈ బెడద చాలా తక్కువ.

మంట విషయంలో చెక్కపీచు సాధారణంగా ఐరోపా వర్గీకరణలో ‘ఇ’ తరగతి, అంటే మండే సరుకే. ఇది భగ్గుమనడం కంటే నివురు కింద నిప్పులా లోలోపల రాజుకోవడమే ఎక్కువ ప్రమాదం. ఆర్పామనుకున్నాక గంటల తర్వాత మళ్లీ లేస్తుంది. సీలింగ్ దీపాల చుట్టూ కనీసం 3 అంగుళాలు ఖాళీ వదలాలి. వైర్లు ఇన్సులేషన్‌లో పూర్తిగా మునిగితే మోయగల కరెంటు సగానికి తగ్గిందని లెక్కేసి లావుపాటి వైరు వేయాలి. నిప్పు మందుగా అమ్మోనియం లవణాలు వాడిన పీచును పచ్చి సిమెంటుకు, సున్నానికి తగలనిస్తే అమ్మోనియా వాసన కొడుతుంది. కాగితపు పీచు ఇన్సులేషన్‌లో ఈ లవణాల వల్లే ఫ్రాన్స్ 2013లో నిషేధం పెట్టాల్సి వచ్చింది. ఇటుక గోడలు, సున్నం పూతలే ఎక్కువగా ఉన్న మన ఇళ్లకు ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది.

మన దగ్గర ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవారు ముందు చూడాల్సింది పీచు పొడవు. ఐరోపా వాడే స్ప్రూస్, పైన్ పీచు 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. జామాయిల్ పీచు ఒక మిల్లీమీటరు దాటదు. దానితో గట్టి పలకలు చేయొచ్చు కానీ స్ప్రింగులా సాగి నిలిచే పరుపు కష్టం. కోనసీమ కొబ్బరి పీచును పొడవాటి పోగుగా కలిపి ప్రయత్నించదగ్గది ఇక్కడే. ముడిసరుకు పోటీ కూడా తక్కువేం కాదు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల సుబాబుల్, జామాయిల్ కర్రకు సారపాక, రాజమండ్రి కాగితం మిల్లులు ఎప్పటి నుంచో గిరాకీదారులు. అంచు చెక్కల్ని బాయిలర్లు కొంటాయి. కోతమిల్లుతో ఏడాది పొడవునా ఒకే జాతి, బెరడు తీసిన చెక్కకు రాతపూర్వక ఒప్పందం కుదరకుండా యంత్రాలకు బయానా ఇస్తే, ఆ తర్వాత వారానికో కలపతో వారానికో సాంద్రత పలక వస్తుంది.